ఏప్రిల్‌లో డే ఆఫ్ సైలెన్స్: మన చర్చి పిల్లలకు ఏం చెప్పాలి?

కరుణ_యూత్
అందరికీ వందనాలు. మా సహవాసంలో యవనస్థుల కోసం ఒక పేజీ సూచనలు రాస్తున్నాం. మిడిల్ స్కూల్, హైస్కూల్ పిల్లలు, అందరూ అమెరికా పబ్లిక్ స్కూళ్లలోనే. ఎక్కువమంది టెక్సస్, కొందరు ఇల్లినాయి. గే విద్యార్థులకు మద్దతుగా అక్టోబరులో ఊదారంగు బట్టల స్పిరిట్ డే, ఏప్రిల్‌లో డే ఆఫ్ సైలెన్స్ (మౌన దినం) వస్తాయి. వచ్చిన ప్రతిసారీ పెద్దవాళ్ల నుంచి మూడు సలహాలు: ఆ రోజు బడి మాన్పించండి, బైబిల్ వాక్యం రాసిన టీషర్టు తొడిగి పంపండి, అసలు పట్టించుకోకండి. వాదన వద్దు, వివరాలు కావాలి. ఆ రోజు నిజంగా ఏం జరుగుతుంది? స్కూలు దేన్ని ఆపగలదు, దేన్ని ఆపలేదు? క్రైస్తవ సంస్థలు ఇదివరకు ఏం చేశాయి, అవి ఏమయ్యాయి?

బడి_కౌన్సెలర్
ముందు ఏం జరుగుతుందో చెప్తాను, ఎందుకంటే వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేదానికీ దీనికీ పొంతన ఉండదు.

డే ఆఫ్ సైలెన్స్‌ని 1996లో వర్జీనియా యూనివర్సిటీలో విద్యార్థులే మొదలుపెట్టారు. 2001 నుంచి గ్లిసెన్ అనే సంస్థ దాన్ని దేశమంతటా స్కూళ్లలో నడిపింది. ఈ మధ్య పేరు మార్చి, మౌనం వద్దు, మాట్లాడండి అనే దారి పట్టింది. చాలాచోట్ల పిల్లలు ఇంకా పాత పద్ధతిలోనే చేస్తున్నారు. ఏడిపింపులకు భయపడి నోరు మూసుకునే గే విద్యార్థుల పరిస్థితి గుర్తుచెయ్యడానికి ఆ రోజు మాట్లాడరు. ఎందుకు మాట్లాడట్లేదో రాసిన చిన్న కార్డు జేబులో ఉంటుంది, ఎవరైనా అడిగితే చూపిస్తారు. సాయంత్రం బడి అయ్యాక ఒకచోట చేరి మౌనం విడుస్తారు. అంతే. అసెంబ్లీ ఉండదు, అందరూ చెయ్యాలని నియమం ఉండదు, హాజరు తీసుకోరు.

మౌనం కారిడార్లో, లంచ్‌లో చెల్లుతుంది. క్లాసులో టీచర్ ప్రశ్న అడిగితే జవాబు చెప్పాల్సిందే. చెప్పనంటే మార్కు కోసే హక్కు టీచర్‌కి ఉంది. నిర్వహించేవాళ్లే పిల్లలకు ఈ మాట చెప్తారు: ఓరల్ ప్రెజెంటేషన్ ఉంటే ముందే ఈమెయిల్ పెట్టి వాయిదా అడుగు, ఒప్పుకోకపోతే వెళ్లి మాట్లాడు అని. టీచర్ తానే మౌనం పాటిస్తూ పాఠం ఎగ్గొట్టడానికి వీల్లేదు. అలా జరిగితే అది ఫిర్యాదు చెయ్యాల్సిన విషయమే, మీ మతం ఏదైనా.

కాబట్టి మీ పేజీలో మొదటి వాక్యం ఇది కావాలి: పాల్గొనకపోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. సెలవు చీటీ రాయక్కర్లేదు.

గుంటూరు_ఘాటు
అంటే మాట్లాడకుండా ఉండే రోజుకి వ్యతిరేకంగా మనం ఇంట్లో గట్టిగా మాట్లాడుకుంటున్నాం అన్నమాట.

సీయోను_స్వరం
నవ్వులాట పక్కన పెట్టండి బ్రదర్. వాక్యం దీన్ని పాపం అంటుంది, రోమా 1 స్పష్టంగా ఉంది. పిల్లలు ఆ మాట చెప్పకుండా దాటిపోతే అది సాక్ష్యం ఎలా అవుతుంది? చట్టం ఏదైనా సరే, టీషర్టు వెయ్యడం అంత పెద్ద నేరమా?

లా_పాఠం
నేరం కాదు. అయితే ఏ రాష్ట్రంలో, ఏ మాటలు రాసుకుని అనేదాన్ని బట్టి ఫలితం మారుతుంది. వివరంగా రాస్తాను, కరుణ గారి పేజీకి పనికొస్తుంది.

మూలం టింకర్ కేసు. వియత్నాం యుద్ధానికి నిరసనగా 1965లో అయోవాలో పిల్లలు నల్ల పట్టీలు కట్టుకున్నారు. స్కూలు సస్పెండ్ చేసింది. 1969లో సుప్రీంకోర్టు 7-2తో పిల్లల పక్షాన నిలిచింది. బడి పనికి గట్టిగా అడ్డం తగిలితేనో, వేరేవాళ్ల హక్కులకు భంగం కలిగితేనో తప్ప ఆపకూడదంది. ఆ రెండో ముక్క, వేరేవాళ్ల హక్కులు అన్నది, ఎంతవరకు సాగుతుందో కోర్టులు ఇప్పటికీ ఒక మాట మీద లేవు. గే అంశంపై టీషర్టు కేసులన్నీ ఆ సందులోంచే వచ్చాయి.

కాలిఫోర్నియా, పోవే హైస్కూల్, 2004 ఏప్రిల్. సరిగ్గా డే ఆఫ్ సైలెన్స్ నాడే ఒక విద్యార్థి స్వలింగ సంపర్కం సిగ్గుచేటు అని, కింద రోమా 1:27 అని రాసుకుని వచ్చాడు. మర్నాడు ముందువైపు మాట మార్చి, సిగ్గుపడండి అని మళ్లీ వచ్చాడు. విప్పనన్నాడు. రోజంతా ఆఫీసు గదిలో కూర్చోబెట్టారు, సస్పెండ్ మాత్రం చెయ్యలేదు. తొమ్మిదో సర్క్యూట్ (ఆ ప్రాంతపు ఫెడరల్ అప్పీల్ కోర్టు) 2006లో 2-1తో స్కూలుదే సరైన పని అంది. 2007లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. తప్పని కాదు, కేసుకి కాలం చెల్లిందని. అందుకని ఆ తీర్పుని ఎవరూ ధీమాగా చూపించుకోలేరు, స్కూలు కూడా.

ఇల్లినాయి, నేపర్‌విల్, న్యూక్వా వ్యాలీ హైస్కూల్. మన తెలుగు పిల్లలు దండిగా ఉండే బడే. 2006లో ఒక అమ్మాయి, సంతోషంగా ఉండు గే గా కాదు అనే అర్థం వచ్చే టీషర్టు వేసుకుంటే, స్కూలు వాళ్లు రెండో సగాన్ని ఇంకుతో కొట్టేశారు. 2008లో ఏడో సర్క్యూట్, పోస్నర్ అనే జడ్జి, ఆ మాట గోరువెచ్చటి విమర్శ తప్ప తిట్టు కాదు, ఆపొద్దు అన్నాడు. 2011లో అదే కోర్టు ఇద్దరు విద్యార్థులకు చెరో 25 డాలర్ల నష్టపరిహారాన్ని ఖాయం చేసింది. అక్షరాలా పాతిక డాలర్లు.

మసాచుసెట్స్, మిడిల్‌బరో, 2023. లింగాలు రెండే అని రాసుకున్న ఏడో తరగతి అబ్బాయిని ఆపారు. 2024లో మొదటి సర్క్యూట్ స్కూలు పక్షం. 2025 మే నెలలో సుప్రీంకోర్టు వినడానికి ఒప్పుకోలేదు, ఇద్దరు జడ్జీలు మాత్రం వినాల్సిందని రాశారు.

మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే: తన నమ్మకం తాను చెప్పుకునే మాట చాలాసార్లు నిలబడుతుంది, మిడిల్‌బరోలో లాగా నిలబడకపోవచ్చు కూడా. ఎదుటి పిల్లల్ని చూపించి సిగ్గుపడండి అనే మాట దగ్గర తగాదా మొదలవుతుంది. టీషర్టు రాతల మీద నిషేధం లేని బడికి యోహాను 3:16 వేసుకుని వెళ్తే ప్రిన్సిపాల్ పిలిచే అవకాశం తక్కువ. రోమా 1:27 వేస్తే రాష్ట్రాన్ని బట్టి.

ఫ్రిస్కో_నాన్న
టెక్సస్ సంగతి చెప్పండి లా గారు. మా వైపు పిల్లలే ఎక్కువ.

లా_పాఠం
టెక్సస్ ఐదో సర్క్యూట్‌లోకి వస్తుంది. అక్కడ రెండు కేసులు చూడాలి.

మొదటిది డాలస్‌కి దక్షిణాన వాక్సహాచీ. అక్కడి జిల్లా టీషర్టుల మీద రాతలు నిషేధించింది, స్కూలు సొంత క్లబ్బులు, జట్ల చొక్కాలు, చిన్న లోగోలు తప్ప. ఒక విద్యార్థి ఎన్నికల అభ్యర్థి పేరున్న చొక్కా వేసుకుని వెళ్లి కోర్టు దాకా వెళ్లాడు. 2009లో ఐదో సర్క్యూట్, అందరికీ ఒకేలా వర్తించే డ్రెస్ కోడ్ చెల్లుతుంది అంది. అందుకే టీషర్టు ఆర్డర్ పెట్టేముందు డ్రెస్ కోడ్ పేజీ తియ్యండి. రాతలే వద్దని ఉంటే వాక్యమూ వద్దనే. కొన్ని మాటలకే అభ్యంతరం అని ఉంటే అప్పుడు వాదించే చోటు ఉంటుంది.

రెండోది ప్లేనో. పిల్లలు పార్టీలో మతపరమైన మాటలున్న పెన్సిళ్లు, క్యాండీ కేన్ పెన్నులు పంచబోతే ఆపారని మొదలైన కేసు పదేళ్లు సాగింది. తేలిందేంటంటే, విద్యార్థి తనంతట తాను ఇచ్చేదాన్ని అందులో మతం ఉందనే కారణంతో ఆపకూడదు. ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్నది మాత్రం స్కూలు నిర్ణయించొచ్చు. ప్లేనో జిల్లా 2005లో పెట్టుకున్న నియమం కోర్టులో నిలబడింది: చిన్న తరగతుల్లో బడికి ముందు అరగంట, తర్వాత అరగంట, ఆట విరామం, ఏడాదికి మూడు పార్టీలు. మిగతా సమయంలో ఒక బల్ల మీద పెట్టుకోవాలి, కావాల్సినవాళ్లు తీసుకుంటారు. పాఠం జరిగేటప్పుడు చేతికి ఇవ్వకూడదు. మీ జిల్లా పాలసీ మాన్యువల్లో విద్యార్థులు కాగితాలు పంచడం గురించి ఒక భాగం ఉంటుంది. ఎన్ని కాపీలు దాటితే ముందుగా చూపించాలో, ఎన్ని రోజుల్లో ఆఫీసు జవాబివ్వాలో అందులో ఉంటుంది. కార్డులు పంచాలనుకునేవాళ్లు ముందు అది చదవాలి. గురువారం రాత్రి ప్రింట్ కొట్టి శుక్రవారం పొద్దున పంచితే పంపకం ఆగేది వాక్యం వల్ల కాదు, గడువు దాటడం వల్ల.

సీయోను_స్వరం
సరే. బడి మాన్పించడం? 2008లో చాలా సంస్థలు అదే పిలుపు ఇచ్చాయి కదా.

బడి_కౌన్సెలర్
ఇచ్చాయి. దాని వెనక లెక్క ఏంటంటే, కాలిఫోర్నియా, టెక్సస్‌లాంటి చోట్ల స్కూలుకి డబ్బు సగటు హాజరును బట్టి వస్తుంది. పిల్లలు రాకపోతే జిల్లాకి డబ్బు తగ్గుతుంది, అలా దారికొస్తారు అని. జరిగింది వేరు. ఆ రోజు హాల్లో ఎవరు మౌనంగా ఉన్నారో రానివాళ్లకు తెలీదు, ఎవరు ఎందుకు రాలేదో స్కూలుకి తెలీదు, జ్వరమొచ్చినవాళ్లూ ఇదీ ఒకే ఖాతాలో పడ్డాయి.

పిల్లల వైపు నుంచి చూస్తే టెక్సస్‌లో మతపరమైన పండుగకి సెలవు ఇస్తారు, ఇది పండుగ కాదు కాబట్టి అనుమతి లేని గైర్హాజరు. పైగా 90 శాతం హాజరు లేకపోతే ఆ సబ్జెక్టు క్రెడిట్ ఆగుతుంది. ఒక్క రోజుతో ఏమీ కాదు. డిసెంబరులో ఇండియా వెళ్లి మూడు వారాలు ఉండొచ్చిన పిల్లలకైతే ఆ ఒక్క రోజు కూడా లెక్కే. ఏప్రిల్ అంటే రాష్ట్ర పరీక్షల కాలం, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (ఏపీ) పరీక్షలకి రివిజన్ కూడా.

బెరయ_చదువరి
ఇదివరకు ఏం చేశారన్న ప్రశ్నకి ఎవరూ రాలేదు. ఈ కథలో నాకు ఎక్కువ పనికొచ్చేదిగా కనిపించేది అదే.

2005లో అలయన్స్ డిఫెన్స్ ఫండ్ అనే న్యాయ సంస్థ, ఇప్పటి అలయన్స్ డిఫెండింగ్ ఫ్రీడం, మౌన దినానికి పోటీగా డే ఆఫ్ ట్రూత్ పెట్టింది. పోవే అబ్బాయి కేసు నడిపింది కూడా ఆ సంస్థే. టీషర్టు, కార్డు, మౌన దినానికి దగ్గర్లోనే ఇంకో రోజు. తర్వాత దాన్ని ఎక్సోడస్ ఇంటర్నేషనల్ చేతికి ఇచ్చారు. ప్రార్థనతో స్వలింగ ఆకర్షణ మారుతుందని 1976 నుంచి పని చేస్తున్న సంస్థ అది. ఒక్క ఏడాది నడిపి 2010 అక్టోబరులో వదిలేసింది. ఎందుకు? ఆ నెలల్లో ఏడిపింపులు భరించలేక గే పిల్లలు వరసగా ప్రాణాలు తీసుకున్న వార్తలు దేశమంతా ఉన్నాయి. నమ్మకం ఒకటి కాకపోయినా తోటివాళ్లని తమని చూడాలనుకున్నట్టే చూడడం పిల్లలకు నేర్పాలని ఏడిపింపుల మీద జరిగిన చర్చ వల్ల తెలిసిందని ఆ సంస్థ అధ్యక్షుడు అలన్ చేంబర్స్ అన్నాడు. 2013లో ఎక్సోడస్ క్షమాపణ చెప్పి మూతపడింది.

ఆ కార్యక్రమాన్ని ఫోకస్ ఆన్ ది ఫ్యామిలీ అనే క్రైస్తవ సంస్థ తీసుకుని 2011లో డే ఆఫ్ డైలాగ్ అని పేరు మార్చింది. సత్యం నుంచి సంభాషణకు. 2014లో ఆ సంస్థే బైబిల్ బడికి తీసుకెళ్లే రోజు మొదలుపెట్టింది. అది దేనికీ పోటీ కాదు, ఎవరినీ వేలెత్తి చూపించదు, అందుకే పిల్లల్లో నిలిచింది. సొంతంగా చెప్పడానికి ఉన్నది చెప్పినప్పుడు నిలబడ్డాం, ఎదుటివాళ్ల రోజుకి పోటీగా నిలబడినప్పుడు జారిపోయాం.

మధ్యలో ఇంకో ప్రయత్నం జరిగింది, పెద్దగా ఎవరూ చెప్పరు. 2008లో గ్రోవ్ సిటీ కాలేజీ అనే క్రైస్తవ కాలేజీ మనస్తత్వ శాస్త్ర ఆచార్యుడు వారెన్ త్రాక్‌మార్టన్ గోల్డెన్ రూల్ ప్లెడ్జ్ అని పెట్టాడు. లూకా 6:31, మనుష్యులు మీకేలాగు చేయవలెనని మీరు కోరుదురో ఆలాగు మీరును వారికి చేయుడి. మౌన దినం నాడు క్రైస్తవ పిల్లలు బడి మానరు, పోటీ టీషర్టు వెయ్యరు, ఎవరినైనా ఏడిపిస్తుంటే అడ్డం నిలబడతామని మాట ఇస్తారు. సిద్ధాంతం ఒక్క అక్షరం మార్చుకోనక్కర్లేదు. దీనికి రెండు వైపుల నుంచీ దెబ్బలు తగిలాయి, ఇది లొంగుబాటని కొందరు, సగం మనసని కొందరు.

గుంటూరు_ఘాటు
రెండు వైపులా తిట్టారంటే ఎక్కడో సరిగ్గానే ఉన్నట్టు.

బెరయ_చదువరి
అదీ రుజువు కాదులే అన్నా. రెండు వైపులా తిట్లు తినే చెత్త ఆలోచనలు కూడా ఉంటాయి.

అన్నట్టు, గురి తప్పిన సంగతి ఒకటి. 2012లో అమెరికన్ ఫ్యామిలీ అసోసియేషన్ అనే క్రైస్తవ సంస్థ, మిక్స్ ఇట్ అప్ ఎట్ లంచ్ డే నాడు పిల్లల్ని బడికి పంపొద్దని పిలుపిచ్చింది. ఆ రోజు చేసేది ఏంటంటే భోజనాల దగ్గర రోజూ కూర్చునే బల్ల వదిలి వేరే బల్ల దగ్గర, పరిచయం లేని పిల్లల పక్కన కూర్చోవడం. దానికి గే పిల్లలతో ప్రత్యేక సంబంధమే లేదు. నడిపే సంస్థ నచ్చక అలా అంటగట్టారు. లంచ్‌లో ఒంటరిగా కూర్చునేది ఎవరు? భాష సరిగ్గా రాని, కొత్తగా వచ్చిన మన పిల్లలే కదా.

సీయోను_స్వరం
చదువరి గారు, మీ చరిత్ర సరే. లొంగుబాటు అన్నవాళ్ల భయం మాత్రం ఊరికే కొట్టేయకండి. ఏడిపించొద్దు అని మొదలై, వేరుగా నమ్మడమే ఏడిపింపు అనే దగ్గర ఆగుతుంది. పోవే స్కూలు చేసింది అదే. మౌనంగా ఉన్నవాళ్లకు చోటు ఇచ్చి, ఇంకో మాట అన్నవాణ్ణి గదిలో కూర్చోబెట్టారు.

లా_పాఠం
ఆ మాటలో పస ఉంది. పోవే తీర్పులో విభేదించిన మూడో జడ్జి ఇంచుమించు అదే రాశాడు, ఒక అంశం తెరిచాక ఒక పక్షానికే తలుపు తియ్యకూడదని. న్యాయంగా చూస్తే రెండూ కలిపి పట్టుకోవాలి: స్కూలు మీ మాటను ఆపకూడదు, మీరు ఆ మాటను ఒక పిల్లవాడి మొహం మీదికి గురిపెట్టకూడదు.

అయితే తలుపు అన్నారు కాబట్టి, ఆ తలుపు ఎవరు చేయించారో గుర్తుచేస్తాను. 1984 ఈక్వల్ యాక్సెస్ యాక్ట్. ఫెడరల్ డబ్బు తీసుకునే హైస్కూలు, పాఠాలతో సంబంధం లేని ఒక్క క్లబ్బుకి చోటు ఇస్తే, మతం, రాజకీయం, భావాలు చూసి వేరే క్లబ్బుని కాదనకూడదు. ఆ చట్టం కోసం గట్టిగా పాటుపడింది క్రైస్తవ సంఘాలే, బైబిల్ క్లబ్బుల కోసం. 1990లో ఒమాహాలో ఒక అమ్మాయి పెట్టాలనుకున్న క్రైస్తవ క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 8-1తో ఆ చట్టం చెల్లుతుందంది. ఆ తర్వాత గే విద్యార్థులు, వాళ్ల స్నేహితులు కలిసి పెట్టుకునే గే స్ట్రెయిట్ అలయన్స్ క్లబ్బులు అదే చట్టం పట్టుకుని కోర్టుకి వెళ్లి నెగ్గుతూ వచ్చాయి.

సాల్ట్ లేక్ సిటీలో 1996లో ఏం జరిగిందో చూడండి. ఈస్ట్ హైలో అలాంటి క్లబ్బుని ఆపడానికి బోర్డు వేరే దారి లేక, పాఠాలతో సంబంధం లేని క్లబ్బులన్నింటినీ రద్దు చేసింది. బైబిల్ క్లబ్బు కూడా పోయింది. 2000లో మళ్లీ తెరిచారు. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడం అంటే ఇదే.

ఫ్రిస్కో_నాన్న
టెక్సస్‌లో ఇప్పుడు ఆ క్లబ్బులే నిషేధించారు కదా?

లా_పాఠం
అవును. 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సెనేట్ బిల్ 12. లైంగిక ధోరణి, జెండర్ ఆధారంగా క్లబ్బులు పెట్టడానికి పబ్లిక్ స్కూళ్లు ఒప్పుకోకూడదని ఉంది. ఫెడరల్ చట్టానికీ, వాక్ స్వేచ్ఛనిచ్చే రాజ్యాంగ మొదటి సవరణకూ విరుద్ధమని కేసు పడింది. చాలామంది గమనించనిది: ఏ క్లబ్బులో చేరాలన్నా తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి కావాలని కూడా అదే చట్టంలో ఉంది. మన పిల్లల క్రైస్తవ క్లబ్బుకీ అది కావాలి. ఆగస్టులోనే ఫారం నింపండి.

ఆ చట్టం ఆపింది క్లబ్బుని. ఒక విద్యార్థి తనంతట తాను మౌనంగా ఉండడం, కార్డు జేబులో పెట్టుకోవడం టింకర్ కిందికి వస్తుంది, క్లబ్బుతో పని లేదు. కాబట్టి టెక్సస్‌లో డే ఆఫ్ సైలెన్స్ ఉండదని పేజీలో రాయకండి.

ఇంకో తప్పు, ఇది మన చర్చిల్లో మామూలుగా జరిగేది. పిల్లలు బైబిల్ క్లబ్బు పెడతారు, యూత్ పాస్టర్ గారు ప్రతి వారం వెళ్లి వాక్యం చెప్తారు. ఈక్వల్ యాక్సెస్ చట్టంలో స్పష్టంగా ఉంది: క్లబ్బు విద్యార్థులు మొదలుపెట్టిందై ఉండాలి, బయటివాళ్లు నడపకూడదు, అదుపు చెయ్యకూడదు, క్రమం తప్పకుండా హాజరు కాకూడదు. టీచర్ గదిలో ఉండొచ్చు గానీ మతపరమైన మీటింగులో పాల్గొనకూడదు. పాస్టర్ గారిని ఏడాదికి ఒకటి రెండుసార్లు అతిథిగా పిలవండి, వాక్యం పిల్లల్నే చెప్పనివ్వండి. వేరే క్లబ్బు మీద ఫిర్యాదు పెట్టేముందు మన క్లబ్బు ఈ షరతులన్నింటికీ నిలుస్తుందా చూసుకోవాలి. ఎవరైనా తిరిగి ఫిర్యాదు పెడితే మొదట దొరికేది ఇదే.

కరుణ_యూత్
చాలా ఉపయోగం లా గారు. మేరీలాండ్ తీర్పు వచ్చింది కాబట్టి ఇక దేనికైనా ఆప్ట్ అవుట్ (మన పిల్లలకు మినహాయింపు) అడగొచ్చని ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది. నిజమేనా?

లా_పాఠం
దేనికైనా కాదు. అది మేరీలాండ్‌లోని మాంట్‌గోమరీ కౌంటీ కేసు, 2025 జూన్ 27న సుప్రీంకోర్టు 6-3తో తేల్చింది. చిన్న తరగతుల్లో గే పాత్రలున్న కథల పుస్తకాలు పాఠంలో పెట్టి, మొదట ఇచ్చిన మినహాయింపును 2023 మార్చిలో తీసేశారు. ముస్లిం, కేథలిక్, ఆర్థడాక్స్ తల్లిదండ్రులు కలిసి వెళ్లారు. కేసు తేలేలోపు ముందుగా తెలియజేసి, మినహాయింపు ఇవ్వాలని కోర్టు చెప్పింది. అది టీచర్ చెప్పే పాఠం గురించి. పక్క బెంచీ అమ్మాయి మౌనంగా ఉంటే అందులోంచి ఆప్ట్ అవుట్ అనేది లేదు, ఎందుకంటే మీ పిల్లల్ని ఎవరూ అందులో ఇన్ చెయ్యలేదు.

ఉత్తరం రాసేటప్పుడు, ఎల్‌జీబీటీ విషయాలన్నింటి నుంచీ మా వాడికి మినహాయింపు కావాలి అని రాస్తే ప్రిన్సిపాల్‌కి ఏం చెయ్యాలో తెలీదు, ఫైల్లో పడేస్తారు. ఏ తరగతి, ఏ యూనిట్, ఏ పుస్తకం, మీ విశ్వాసానికి అది ఎలా అడ్డం, ఎన్ని రోజుల ముందు తెలియజేయాలి, ఆ సమయంలో ప్రత్యామ్నాయ పని ఏంటి అని రాయండి. ఒక పేజీ దాటొద్దు. వాక్యాలు ఒకటి రెండు చాలు. టీచర్‌కి మర్యాదగా, కాపీ ప్రిన్సిపాల్‌కి.

మిసిసాగ_మేరీ
కెనడా వాళ్లు ఇదంతా చదివి ఇక్కడ వాడొద్దు దయచేసి. టింకర్ లేదు, ఈక్వల్ యాక్సెస్ లేదు. ఒంటారియోలో 2012లో వచ్చిన చట్టం ప్రకారం ప్రభుత్వ డబ్బుతో నడిచే స్కూళ్లు, కేథలిక్ స్కూళ్లతో సహా, పిల్లలు అడిగితే గే స్ట్రెయిట్ అలయన్స్‌కి ఒప్పుకోవాలి, ఆ పేరు పెట్టుకున్నా కాదనకూడదు. బ్రాంప్టన్, మిసిసాగ వైపు కేథలిక్ బోర్డులో చేర్పిస్తే ఇవి ఉండవనుకునే తెలుగు తల్లిదండ్రులు ఉన్నారు. ఉంటాయి.

ఇంకోటి, కేథలిక్‌లు అందరూ ఒకే మాట అంటారనుకోవద్దు. వాళ్ల అధికారిక బోధనా గ్రంథం కేటకిజంలో 2357వ పేరా ఆ క్రియను తప్పంటుంది, 2358 ఆ మనుషుల్ని గౌరవంతో, కనికరంతో చూడాలని, అన్యాయమైన వివక్ష ఆనవాలు కూడా ఉండకూడదని అంటుంది. ఒకరు ఒక పేరా చదివి వస్తారు, ఇంకొకరు ఇంకో పేరా.

బెరయ_చదువరి
ప్రొటెస్టెంట్లలోనూ అంతే. సదరన్ బాప్టిస్టులు మారలేదు, లూథరన్లలో పెద్ద శాఖ 2009లో మారింది, యునైటెడ్ మెథడిస్టులు ఏళ్లతరబడి కొట్టుకుని, వేల సంఘాలు విడిపోయాక, 2024 మేలో నిషేధాలు తీసేశారు. క్రైస్తవుల వైఖరి అని ఏకవచనంలో రాస్తే పేజీ మొదటి లైన్లోనే తప్పు పడుతుంది కరుణ గారు.

మన తెలుగు బైబిలు విషయం కూడా ఒకటి. 1 కొరింథీ 6:9లో రెండు మాటలు పక్కపక్కన ఉంటాయి, ఆడంగితనముగలవారు, పురుష సంయోగులు. మొదటిదానికి గ్రీకులో మలాకోయి, అంటే మెత్తనివాళ్లు. మత్తయి 11:8లో మెత్తని బట్టలకు వాడింది అదే మాట. పాత ఇంగ్లిషు కింగ్ జేమ్స్ కూడా ఆడతనం ఉన్నవాళ్లు అనే అర్థంలోనే తీసుకుంది. 2011 నాటి ఎన్ఐవీ అనే ఇంగ్లిషు అనువాదం ఆ రెండు మాటల్నీ కలిపి పురుషులతో సంబంధం పెట్టుకునే పురుషులు అని, ఒక క్రియ గురించే రాసింది. తేడా చూడండి. ఇంగ్లిషులో చదివే పిల్లవాడికి అది ఒక పని గురించిన మాట. తెలుగులో వినే పిల్లవాడికి అది నడక, గొంతు, చేతులు తిప్పడం గురించిన మాట. ఆడంగి అనేది మన ఊళ్లలో బడి ఆవరణలో తిట్టు. గొంతు సన్నగా ఉన్న పన్నెండేళ్ల పిల్లవాడు సండే స్కూల్లో ఆ వచనం పైకి చదువుతుంటే వెనక వరసలో కిసుక్కుమంటారు. వాడు గే కానక్కర్లేదు.

ఆ వచనం నేర్పే టీచర్ ఆ మాట దగ్గర ఆగి అర్థం చెప్పాలి. 11వ వచనం వరకూ చదివించాలి. మధ్యలో ఆపేస్తే పౌలు చెప్పింది సగమే.

సీయోను_స్వరం
ఇది ఒప్పుకుంటాను. మలాకోయి అర్థం మీద నా అభిప్రాయం వేరు, అయినా గొంతు సన్నగా ఉన్న పిల్లవాణ్ణి చూసి నవ్వడం ఏ వచనంలోనూ లేదు. పేజీలో ఆ మాట పెట్టండి సిస్టర్. సిద్ధాంతం కూడా పెట్టండి, దాచకండి. 1 పేతురు 3:15 ప్రకారం అడిగిన ప్రతివానికీ సమాధానం చెప్పాలి, సాత్వికముతోను భయముతోను. అడిగినవాడికి అని ఉంది, అడగనివాడికి అని లేదు. అది కూడా గమనించాను.

బడి_కౌన్సెలర్
పెద్దలంతా మన పిల్లలు, గే పిల్లలు అని రెండు గుంపులుగా మాట్లాడుతున్నారు. మీ యూత్ మీటింగులో పాతికమంది ఉంటే, వాళ్లలో ఒకరో ఇద్దరో ఈ పేజీ వేరేగా చదువుతారు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2023 సర్వేలో ఎల్‌జీబీటీ హైస్కూల్ విద్యార్థుల్లో 20 శాతం ఆ ఏడాది ఆత్మహత్యకు ప్రయత్నించామని చెప్పారు. ఆ పిల్లవాడికి పేజీలో ఏ వాక్యం మొదట కనిపిస్తుందో చూసుకుని రాయండి.

యూత్ లీడర్‌తో ఒక పిల్లవాడు విషయం చెప్పుకుంటే ఏం చెయ్యాలన్నది కూడా ముందే నిర్ణయించుకోండి. ప్రార్థన విన్నపాల్లో పేరు పెట్టకూడదు, పేరు లేకుండా కూడా పెట్టకూడదు, మన సంఘాల్లో ఎవరో ఇట్టే పోల్చేస్తారు. తల్లిదండ్రులకు చెప్పేముందు ఇంట్లో దెబ్బలు పడే ప్రమాదం ఉందా, బయటికి గెంటేస్తారా అని అడగండి. చావు మాట వస్తే మాత్రం రహస్యం ఉండదు, ఒంటరిగా వదలకండి, ఆత్మహత్య నివారణ సహాయ లైను 988కి ఫోన్ లేదా మెసేజ్. గే యువత కోసం అందులో ఇదివరకు 3 నొక్కే లైను ఉండేది, 2025 జూలైలో తీసేశారు. పాత పోస్టర్లలో ఇంకా 3 అనే ఉంటుంది, అవి మార్చండి. 988 మామూలు లైను పని చేస్తుంది.

ఫ్రిస్కో_నాన్న
ఇండియాలో మిషనరీ స్కూళ్లలో ఇలాంటివి ఏమైనా ఉన్నాయా?

బెరయ_చదువరి
ఇలాంటి రోజంటూ ఏదీ పాతుకోలేదు. 2021లో ఎన్‌సీఈఆర్‌టీ ట్రాన్స్‌జెండర్ పిల్లల విషయంలో టీచర్లకు ఒక శిక్షణ పుస్తకం పెట్టి, అభ్యంతరాలు రాగానే వెబ్‌సైటు నుంచి తీసేసింది. అది వేరే దారం, ఇక్కడ కలిపితే ముడి పడుతుంది.

కరుణ_యూత్
అందరికీ కృతజ్ఞతలు. ఇప్పటివరకు నా పేజీలో పెట్టినవి: పాల్గొనడం ఐచ్ఛికం, బడికి రావాలి, డ్రెస్ కోడ్ ముందు చదవాలి, కాగితాలు పంచాలంటే జిల్లా పాలసీ ప్రకారం, ఎవరైనా అడిగితే నమ్మకం చెప్పొచ్చు, ఎవరినైనా ఏడిపిస్తుంటే చూస్తూ ఊరుకోకూడదు. మౌనంగా ఉన్న స్నేహితుడు కార్డు చూపిస్తే ఏం చెయ్యాలన్నది ఒక పిల్ల అడిగింది, దానికి జవాబు రాయలేకపోయాను.

బడి_కౌన్సెలర్
తీసుకుని చదివి, తిరిగి ఇచ్చి, లంచ్‌లో పక్కన కూర్చోమనండి. ఆ రోజు వాడు ఎలాగూ మాట్లాడడు కాబట్టి వాదన వచ్చే అవకాశం లేదు.

గుంటూరు_ఘాటు
మన పిల్ల మాట్లాడకుండా ఉండగలదా అన్నదే అనుమానం.